బెంచి మీద కూర్చున్న గోల్‌కీపర్‌కి ఆట ఏం తెలుస్తుంది?

ఇక్కడ ఒకరు వేసిన ప్రశ్న పోర్చుగల్ ఫుట్‌బాల్ మేనేజర్ నూనో ఎస్పిరిటో సాంటో గురించి. పెద్ద క్లబ్బుల్లో ఎప్పుడూ రెండో గోల్‌కీపర్‌గానే ఉండి, పోర్చుగల్ సీనియర్ జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడని మనిషికి ఇన్ని క్లబ్బులు మేనేజర్ పదవి ఎలా ఇచ్చాయి, ఇదంతా ఏజెంట్ చలవే కదా అని అడిగారు. చూసి ఊరుకోలేకపోయాను.

విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు నేను రెండేళ్లు మా కాలేజీ జట్టులో రెండో గోల్‌కీపర్‌ని. ఆ రెండేళ్లలో నేను ఆడింది ఒకే ఒక్క మ్యాచ్‌లో చివరి పదకొండు నిమిషాలు. తర్వాత 2017 సెప్టెంబరులో ఎమ్మెస్సీ కోసం వుల్వర్‌హాంప్టన్ వచ్చాను. యూనివర్సిటీ పక్కనే ఆ ఊరి క్లబ్ వుల్వ్స్ (వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్) వాళ్ల మోలిన్యూ స్టేడియం. నూనో అక్కడ మేనేజర్‌గా చేరి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. మ్యాచ్ ఉన్న రోజుల్లో స్టాండు కింద టీలు, మీట్ పైలు అమ్మే కౌంటర్‌లో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. కాబట్టి రెండో కీపర్ సంగతీ నాకు కొంత తెలుసు, ఆ జట్టు సంగతీ కొంత తెలుసు.

రెండో కీపర్ పని ఏమిటో బయటివాళ్లకి పెద్దగా తెలియదు. మ్యాచ్‌కి ముందు మొదటి కీపర్‌కి బంతులు కొట్టి వార్మప్ చేయించేది వాడే. అతని చేతులు వేడెక్కాక మనం వెళ్లి జాకెట్ వేసుకుని కూర్చోవాలి. ఫార్వర్డ్‌కైతే అరవయ్యో నిమిషంలో పిలుపు వస్తుందన్న ఆశ ఉంటుంది. కీపర్‌కి అదీ ఉండదు. మనం దిగాలంటే తోటివాడికి దెబ్బ తగలాలి. తగలాలని కోరుకోలేం. కోరుకోకుండా మనసుని అదుపులో పెట్టుకోవడం ఉందే, అదే అసలు ప్రాక్టీసు. వేరే పనేమీ ఉండదు కాబట్టి తొంభై నిమిషాలూ ఆటనే చూస్తాం. లెఫ్ట్‌బ్యాక్ ముందుకెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోంది, ఎవడు అలిసిపోయాడు, ఎవడు అలిసిపోయినట్టు నటిస్తున్నాడు, అన్నీ కనబడతాయి.

నూనో తన పద్దెనిమిదేళ్ల ఆటలో చాలాకాలం అలాగే గడిపాడు. 1974లో సావో తోమే దీవిలో పుట్టాడు, అప్పటికి అది ఇంకా పోర్చుగల్ వలసే. విటోరియా గిమరాయిస్‌లో మొదలుపెట్టి 1997లో స్పెయిన్‌లోని డిపోర్టివో లా కొరున్యాకి వెళ్లాడు. ఆ బదిలీ కుదిర్చినవాడు జార్జ్ మెండెస్. తర్వాత రోజుల్లో ప్రపంచంలోనే పేరుమోసిన ఏజెంట్ అయిన మెండెస్‌కి మొదటి క్లయింట్ నూనోనే. అంటే ఏజెంట్ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆ స్నేహం లేకపోతే స్పెయిన్ క్లబ్ వలెన్సియా, ఇక్కడి వుల్వ్స్ అంత తొందరగా పిలిచేవి కావేమో. పిలిచాక మ్యాచ్‌లు గెలవాల్సింది మాత్రం ఆయనే కదా.

2002లో పోర్చుగల్ పెద్ద క్లబ్ పోర్తోకి వచ్చాడు. మేనేజర్ మొరీన్యో, మొదటి కీపర్ వీటర్ బాయియా. 2003 యూఈఎఫ్ఏ కప్ ఫైనల్, 2004 చాంపియన్స్ లీగ్ ఫైనల్, యూరప్ క్లబ్బుల ఈ పెద్ద పోటీలు రెండూ పోర్తోనే గెలిచింది, రెండింటిలోనూ నూనో బెంచి మీదే. ఆయన కెరీర్ అర్థం కావాలంటే నేను చూడమనేది మాత్రం 2004 డిసెంబరు 12న యొకొహామాలో కొలంబియా జట్టు వన్స్ కాల్డాస్‌తో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్ (యూరప్, దక్షిణ అమెరికా చాంపియన్ల మధ్య పోటీ) మ్యాచ్. గోల్స్ లేకుండా ఆట చివరికొచ్చేసింది. అప్పుడు బాయియాకి గుండెలో ఇబ్బంది మొదలై బయటికి రావాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి పక్కన కూర్చున్న మనిషి గుండె పట్టుకుని వెళ్లిపోతుంటే, అతని చోట నిలబడటానికి గ్లవ్స్ తొడుక్కోవడం ఎంత బరువైన పనో ఊహించండి. నూనో దిగాడు, ఎక్స్‌ట్రా టైమ్ అంతా నిలబడ్డాడు, పెనాల్టీల్లో పోర్తో 8-7తో కప్ గెలిచింది. తర్వాతి నెలలోనే డైనమో మాస్కోకి వెళ్లిపోయాడు. మళ్లీ పోర్తోకి తిరిగొచ్చి, 2010లో ఆట మానేశాడు.

కోచింగ్ మొదలైంది గోల్‌కీపర్ల కోచ్‌గా, మేనేజర్ జెజువాల్డో ఫెరేరా దగ్గర, మలాగా (స్పెయిన్), పనాథినైకోస్ (గ్రీస్) క్లబ్బుల్లో. 2012లో పోర్చుగల్‌లో రియో ఆవే అనే చిన్న క్లబ్‌కి మేనేజర్. 2013-14లో ఆ చిన్న క్లబ్‌ని పోర్చుగల్‌లో రెండు కప్ ఫైనల్స్‌కీ తీసుకెళ్లాడు, రెండూ బెన్ఫికా చేతిలో ఓడింది. ఒక సంగతి చాలామంది గమనించరు. ఆయన ఉన్న ఆ రెండేళ్లలో రియో ఆవే గోల్‌లో నిలబడ్డ కుర్రాళ్లలో ఒకడు యాన్ ఓబ్లాక్, ఇంకొకడు ఎడెర్సన్, ఇద్దరూ తర్వాత ప్రపంచంలో పేరుమోసిన కీపర్లయ్యారు. తర్వాత వలెన్సియాలో మొదటి సీజన్‌లో 77 పాయింట్లతో నాలుగో స్థానం, రెండో ఏడాది సగంలోనే నిష్క్రమణ. పోర్తోలో ఒక్క ఏడాది, కప్పేమీ లేదు.

ఇక వుల్వ్స్. నేను కళ్లారా చూసింది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను.

ఆయన వచ్చిన కొద్ది వారాలకే, సీజన్ మొదలవకముందే, జట్టు మొదటి గోల్‌కీపర్ కార్ల్ ఇకెమీకి లుకేమియా (రక్త క్యాన్సర్) అని తేలింది. ఆ సీజన్ అంతా ఒకటో నంబరు జెర్సీ ఎవరికీ ఇవ్వలేదు. కొత్తగా వచ్చిన కీపర్ జాన్ రడ్డీ 21 వేసుకుని ఆడాడు. మా కౌంటర్‌కి వచ్చే ముసలివాళ్లు టీ తీసుకుంటూ ఇకెమీ గురించి సొంతింటి కుర్రాడి గురించి అడిగినట్టు అడుగుతుండేవారు. (2018 వేసవిలో జబ్బు నయమైందని ఇకెమీ చెప్పాడు, ఆట మాత్రం మానేశాడు.)

నూనో వెనక ముగ్గురు డిఫెండర్లతో ఆడించేవాడు. ఆ ముగ్గురి మధ్యలో నిలబెట్టిన కోనర్ కోడీ అప్పటిదాకా మిడ్‌ఫీల్డర్. డిఫెన్స్ నడిమధ్య నుంచి పొడుగాటి పాసులు ఇవ్వగలడని చూసి చోటు మార్చాడు. ఆ కోడీ కెప్టెన్ అయ్యాడు, 2020లో ఇంగ్లండ్ జట్టుకీ ఆడాడు. ఎవడిలో ఏముందో అంత ఓపికగా చూడటం బెంచి మీదే అలవాటవుతుందని నా నమ్మకం.

2018 ఏప్రిల్ 6న కార్డిఫ్‌లో మ్యాచ్. వుల్వ్స్ 1-0తో ముందుంది, ఇంజ్యురీ టైమ్‌లో కార్డిఫ్‌కి ఒకటి కాదు, రెండు పెనాల్టీలు వచ్చాయి. మొదటిది రడ్డీ ఆపాడు, రెండోది బారుకి తగిలింది. విజిల్ మోగగానే నూనో అవతలి మేనేజర్‌తో చేయి కలపడం కూడా మరిచి మైదానంలోకి పరుగెత్తాడు. దాని మీద పెద్ద గొడవైంది, ఆయన క్షమాపణ చెప్పాడు. అది తప్పే. కానీ కీపర్‌గా బతికినవాడికి ఆ రెండు పెనాల్టీలంటే ఏమిటో నాకు తెలుసు.

అయిదు రోజులకి మోలిన్యూలో డెర్బీతో. హాఫ్‌టైమ్ రద్దీ అప్పుడే తగ్గింది, నేను కౌంటర్ తుడుస్తున్నాను. ఒక్కసారిగా తల మీద స్టాండంతా అదిరింది. మా కౌంటర్ పైన ఉన్న చిన్న టీవీ కొన్ని సెకన్లు వెనక నడిచేది. గోల్ అయిపోయిందని నాకు తెలుసు, టీవీలో ఇంకా కాలేదు. గుడ్డ చేతిలోనే పట్టుకుని చూస్తున్నాను. బంతి పెనాల్టీ బాక్స్‌కి చాలా బయట పడింది, రూబెన్ నెవెస్ ఒక్క టచ్‌తో దాన్ని గాల్లోకి లేపి, కింద పడకుండానే కొట్టాడు. పక్కన పనిచేసే పెద్దావిడ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. నెవెస్‌కి అప్పటికి 21 ఏళ్లు, పోర్తోలో నూనో దగ్గర ఆడినవాడే. ఆ సీజన్ 99 పాయింట్లతో వుల్వ్స్ రెండో శ్రేణి చాంపియన్‌గా ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది, ఆ తర్వాత వరసగా రెండేళ్లు ఏడో స్థానం.

మీ ప్రశ్నకి నా అసలు జవాబు ఇదీ: నూనో ఎప్పుడూ చిన్న జట్టునే ఉంచుకునేవాడు. మిగతా మేనేజర్లు ఇంకా ఆటగాళ్లు కావాలని యాజమాన్యం వెంట పడుతుంటే, ఈయన కొద్దిమందే చాలనేవాడు. ప్రతి ఒక్కడికీ తన అవసరం ఉందనిపించాలి. వారాల తరబడి ఎవరూ పట్టించుకోకుండా కూర్చుంటే మనిషి ఎలా ఎండిపోతాడో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అదే ఆయన్ని దెబ్బ కూడా తీసింది, అది దాచను. 2019-20 సీజన్‌లో యూరోపా లీగ్ క్వాలిఫయర్లతో జులై 25న మొదలైన ఆట కోవిడ్ విరామం కూడా కలిసి మరుసటి ఆగస్టు 11 దాకా సాగింది. 59 మ్యాచ్‌లు, అంతా ఆ కొద్దిమందే. యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో స్పెయిన్ క్లబ్ సెవియ్యా చేతిలో 88వ నిమిషంలో గోల్ తిని ఓడిపోయారు. ఆ నవంబరులో జట్టు ముఖ్య ఫార్వర్డ్ రౌల్ హిమెనెస్‌కి పుర్రె చిట్లింది. అతని చోట నిలబడగలవాడు జట్టులో లేడు, వుల్వ్స్ 13వ స్థానానికి పడింది, 2021 మేలో నూనో వెళ్లిపోయాడు. తర్వాత చేరిన లండన్ క్లబ్ టోటెన్‌హామ్‌లో 17 మ్యాచ్‌లకే పంపించేశారు. అక్కడ ఆటగాళ్లతో ఆ దగ్గరితనం కుదరడానికి సమయమే దొరకలేదు.

దాంతో పని అయిపోయిందన్నవాళ్లున్నారు. ఆయన సౌదీ వెళ్లి అల్ ఇత్తిహాద్‌ని 2022-23లో లీగ్ చాంపియన్ చేశాడు. 2023 డిసెంబరులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి వచ్చి, మొదట లీగ్ నుంచి పడిపోకుండా కాపాడి, తర్వాతి సీజన్ 65 పాయింట్లతో ఏడో స్థానంలో నిలబెట్టాడు. 1969 తర్వాత లివర్‌పూల్ గడ్డ మీద ఫారెస్ట్ లీగ్ మ్యాచ్ గెలిచింది ఆ సీజన్‌లోనే. ఆ ఏడాది గోల్ తినని మ్యాచ్‌ల లెక్కలో ఆర్సెనల్ కీపర్ రాయాతో సమానంగా మొదటి స్థానంలో నిలిచింది ఫారెస్ట్ కీపర్ మాట్స్ సెల్స్. 2025 సెప్టెంబరులో అక్కడా పంపించేశారు, నెల తిరక్కుండానే వెస్ట్ హామ్ తీసుకుంది.

నేనిప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. ఆదివారాలు మన తెలుగువాళ్లం పద్నాలుగు మందిమి జట్టుగా ఆడుకుంటాం, ఎవరు ఎక్కడ ఆడాలో చూసే పని నాది. మాకు ఇద్దరు కీపర్లు. రెండోవాడు నెల్లూరు కుర్రాడు, నెమ్మదస్తుడు, అడగడు. స్కోరు ఎంతున్నా సరే, హాఫ్‌టైమ్ అవగానే గ్లవ్స్ వాడికి వెళ్తాయి.