వసంతంలో పిట్టల నడక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉగాదికి ముందు ఆదివారం మా కాలనీవాళ్లం, పిల్లలతో కలిపి 40 మందిమి, చెరువుగట్టు మీద పిట్టల నడక (నడుస్తూ పిట్టలను చూడడం) పెట్టుకుంటున్నాం. పోయినేడాది 8 గంటలకు మొదలుపెట్టి గట్టంతా తిరిగినా కాకులు, కొంగలు తప్ప ఏమీ కనబడలేదు. ఈసారి ఎలా చేయాలి? (హనుమకొండ)

జవాబు: 8 గంటలంటే ఆలస్యం. మార్చి నడిమిలో మీ వైపు సుమారు 6:25కి పొద్దు పొడుస్తుంది. 6:15కల్లా గట్టు మీద ఉండి, 8:15కి ముగించండి. ఎండ ముదిరేకొద్దీ పిట్టలు కూత తగ్గించి కొమ్మల నీడలోకి వెళ్లిపోతాయి.

40 మంది ఒకే గుంపుగా నడిస్తే ముందున్నవాళ్లు చూసేలోపే వెనకవాళ్ల మాటలకు పిట్ట లేచిపోతుంది. మూడు గుంపులు చేయండి. ఒక్కో గుంపుకు ముందు చూపించేవారు ఒకరు, పిల్లలు వెనకబడకుండా చివర ఒకరు ఉండాలి. గుంపుకూ గుంపుకూ 20 నిమిషాల ఎడం ఇవ్వండి, లేదా వేర్వేరు దారుల్లో పంపండి.

గట్టంతా తిరగక్కర్లేదు, రెండు గంటలకు ఒక కిలోమీటరు చాలు. పొద్దు మీ వీపు మీద పడేలా, అంటే తూర్పు ఒడ్డున నిలబడి పడమరకు చూడండి. ఎదురెండలో ఏ పిట్టయినా నల్లటి నీడలాగే కనబడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ముందు రోజు అదే వేళకు ఒకసారి వెళ్లి ఏ చెట్టు పూతలో ఉందో చూసి రావడం. బూరుగో మోదుగో పూసి ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. తేనె కోసం గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు వాటి దగ్గరికే వస్తాయి. ఆ చెట్టుకు 15 అడుగుల దూరంలో పావుగంట కూర్చోండి. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, పిల్లలు ఎన్ని రకాల కూతలు విన్నారో వేళ్ల మీద లెక్కపెట్టాలి. పేర్లు ఆ తర్వాత చెప్పండి. ముందే పేర్లు చెప్పుకుంటూ పోతే పిల్లలు పిట్టను చూడరు, మీ నోరు చూస్తారు.

ప్రశ్న: ఫోన్‌లో పిట్ట కూత వినిపిస్తే అది దగ్గరికి వస్తుంది, పిల్లలకు సరదా. ఇందులో తప్పుందా? (విజయవాడ)

జవాబు: ఉంది, ముఖ్యంగా ఈ కాలంలో. కంసాలి పిట్ట, తేనెపిట్ట వంటివి గూళ్లు పెట్టే రోజులివి. మీ ఫోన్ కూత వినగానే తన జాగాలోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని తరమడానికి వస్తుంది. అది మీ మీద ఇష్టంతో రావడం కాదు. ఆ కాసేపూ మేత మానేస్తుంది, గూట్లోని దాని పిల్లలకు తిండి అందదు, గూడు కాకులకు వదిలేసినట్టవుతుంది. నడకలు రోజూ జరిగే పార్కులో ఒకే పిట్టకు ఇది పదేపదే జరుగుతుంది. దయచేసి మానేయండి.

ఫోన్‌తో వినడంలో తప్పు లేదు. మెర్లిన్ అనే ఉచిత యాప్ చుట్టూ వినిపించే కూతను బట్టి పిట్ట పేరు చెబుతుంది. మన ప్రాంతపు పిట్టల వివరాలుండే దాని ప్యాకును ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, చెరువు దగ్గర సిగ్నల్ ఉండకపోవచ్చు. అది చెప్పే పేరు ఒక్కోసారి తప్పుతుంది కాబట్టి కంటితో చూశాకే రాసుకోండి.

ప్రశ్న: బైనాక్యులర్స్ ఏవి కొనాలి? పిల్లలకు ఏమీ కనబడడం లేదంటున్నారు. (కర్నూలు)

జవాబు: పెద్దలకు 8×42, పిల్లలకు తేలికైన 8×30. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. 10× అయితే చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. కనబడకపోవడానికి చాలాసార్లు కారణం, రెండు గొట్టాల మధ్య దూరం పిల్లల కళ్లకు సరిపడా దగ్గరికి మడవకపోవడమే. కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి సరిచేయండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి గొట్టం దగ్గరి రింగు తిప్పండి. కళ్లద్దాలు ఉంటే రబ్బరు కప్పులు కిందికి దించాలి. పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తేవడం ముందు ఇంట్లో కిటికీలోంచి నేర్పండి.

ప్రశ్న: మా పార్కులో మర్రికి పెద్ద తేనెపట్లు ఉన్నాయి. ఆ దారిలో వెళ్లొచ్చా? (గుంటూరు)

జవాబు: ఆ చెట్టు కిందికి వెళ్లకండి, దారి మార్చండి. పూతకాలంలో పెద్ద తేనెటీగలు ఇలాగే చేరతాయి. సెంటు, పొగ, రాళ్లు వాటిని రేపుతాయి. ముసిరితే చేతులు విసరొద్దు, నీళ్లలోకి దూకొద్దు. ముఖం కప్పుకుని గదిలోకో కారులోకో పరుగెత్తి తలుపు వేసుకోండి. ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయాలి. ఊపిరాడకపోయినా, పెదాలు వాచినా, చాలాచోట్ల కుట్టినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.