నింపిన తూటాకు పాలిష్ పెట్టొచ్చా?

ప్రశ్న: .308 వించెస్టర్ రైఫిల్‌కు తూటాలు ఇంట్లోనే రీలోడింగ్ చేసుకుంటాను, అంటే కాల్చేసిన ఇత్తడి కేసుల్లో (తూటా గొట్టాల్లో) మళ్లీ మందు నింపుతాను. అంతా నింపాక చూస్తే కేసుల మీద సైజింగ్ లూబ్ (కేసును తిరిగి కొలతకు నొక్కేముందు రాసే నూనె) జిడ్డు, వేలిముద్రలు మిగిలిపోయాయి. టంబ్లర్‌లో (కేసులకు మెరుగుపెట్టే యంత్రంలో) మొక్కజొన్న బెండు పొడి పోసి ఓ అరగంట తిప్పేస్తే సరిపోదా? ఫ్యాక్టరీలు కూడా అలాగే చేస్తాయంటారు కదా! – ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: తిప్పకండి, తుడవండి. ఫ్యాక్టరీ సంగతి వేరు. ఏ పౌడరు (తూటాలో నింపే మందు), ఎంతసేపు, ఏ యంత్రం అన్నది వాళ్లు పరీక్షించి, పీడనం కొలిచి చూసుకుంటారు. మనకు ఇంట్లో ఆ వీలు లేదు. రైఫిల్ పౌడరు పలుకుల మీద మంటను నెమ్మది చేసే పూత ఉంటుంది. ఎక్కువసేపు ఒకదానికొకటి రాసుకుని ఆ పూత అరిగితే పౌడరు వేగంగా మండుతుందన్నదే భయం. కాసేపు తిప్పినంత మాత్రాన తేడా రాలేదని కాల్చి చూసినవాళ్లు చెబుతారు, నిజమే కావచ్చు. కానీ కేవలం మెరుపు కోసం ఆ పందెం ఎందుకు? పైగా హాలో పాయింట్ (మొనలో గుంట ఉండే) బుల్లెట్ల మొనలో బెండు పొడి ఇరుక్కుంటుంది, మెత్తని సీసపు మొనలు సొట్టబోతాయి.

అయితే జిడ్డు మాత్రం వదలకూడదు. పేలినప్పుడు కేసు ఉబ్బి ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే చోటు) గోడను పట్టుకోవాలి. నూనె ఉంటే ఆ పట్టు తగ్గి, వెనక్కి తన్నే బలమంతా బోల్టు (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే గడియ) మీద పడుతుంది. .308కి అనుమతించిన గరిష్ఠ పీడనమే 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు).

కళ్లద్దాలు పెట్టుకుని, దగ్గర్లో మంట లేకుండా, గాలి ఆడేచోట కూర్చోండి. పాత నూలుగుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి తగిలించండి, కారేలా ముంచొద్దు. బుల్లెట్ దగ్గర పట్టుకుని మెడ నుంచి అంచు దాకా తిప్పుతూ తుడవండి. ప్రైమర్ (పౌడరుకు నిప్పంటించే చిన్న బిళ్ల) ఉన్న అడుగు భాగాన్ని పొడిగుడ్డతోనే తుడవాలి. తుప్పు వదిలించే స్ప్రే నూనెలు అసలు వాడొద్దు, ప్రైమర్ సందులోంచి లోపలికి దిగితే తూటా పేలకపోవచ్చు. తుడుస్తూనే ప్రైమర్ మీద వేలు రాసి చూడండి. అది కేసు అడుగుకు సమంగా గానీ, రవ్వంత లోపలికి గానీ ఉండాలి. పైకి తగిలితే దాన్ని లోపలికి నొక్కే ప్రయత్నం చేయొద్దు. నింపిన తూటా ప్రైమర్‌ను నొక్కడం ప్రమాదం. పక్కన పెట్టి, బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి.

ఈసారి మెరుపు పని ఖాళీ కేసు దశలోనే ముగించండి. పాత ప్రైమర్ తీసి టంబ్లర్‌లో వేయండి, తరవాత లూబ్ రాసి సైజింగ్ చేయండి, మళ్లీ ఓ 15–20 నిమిషాలు తిప్పితే జిడ్డు పోతుంది. ఇక్కడ చాలామంది మరిచేది ఫ్లాష్ హోల్, అంటే ప్రైమర్ మంట కేసులోకి వెళ్లే రంధ్రం. దాని వెడల్పు సుమారు 2 మిల్లీమీటర్లే, బెండు పలుకు అడ్డంపడితే ప్రైమర్ మంట పౌడరుకు సరిగ్గా అందదు. ఒక్కో కేసునూ వెలుతురుకు పట్టి చూడండి. పొడవు 2.015 అంగుళాలు దాటితే ట్రిమ్ చేసి, ఆ తరవాతే కొత్త ప్రైమర్ పెట్టండి.

ప్రశ్న: ఇత్తడి సామాన్లకు వాడే మెటల్ పాలిష్ గానీ, అమ్మ వాడే చింతపండు గానీ కేసులకు పనికొస్తాయా? – ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: అమ్మోనియా కలిసిన పాలిష్ ఏదైనా సరే వద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో సైన్యం వానాకాలమంతా గుర్రపుశాలల్లో దాచిన తూటాలు, వానలు వెలిశాక తీసి చూస్తే పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ తేల్చారు. సాగదీసి తయారుచేసిన ఇత్తడిలో లోపల బిగువు మిగిలి ఉంటుంది. తేమతోపాటు అమ్మోనియా తగిలితే ఆ బిగువే లోహాన్ని చీలుస్తుంది. మెడ మీద నిలువుగా వెంట్రుకలాంటి గీత కనిపిస్తే ఆ కేసు పారేయాల్సిందే.

చింతపండు ఖాళీ కేసును శుభ్రం చేస్తుంది, కాదనను. కానీ పీచు ఫ్లాష్ హోల్‌లో దూరుతుంది. దానికన్నా గ్యాలన్ నీళ్లకు పావు టీస్పూను సిట్రిక్ యాసిడ్, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు నయం. మోతాదు మించినా, ఎక్కువసేపు నానబెట్టినా జింకు కరిగి ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. బాగా కడిగి, లోపలి తడి కూడా పూర్తిగా ఆరనివ్వండి.

ప్రశ్న: తూటాల మీద గోధుమరంగు మచ్చలు, తోలు బెల్టులో పెట్టినవాటి మీద పచ్చని చిలుము ఉన్నాయి. కాల్చవచ్చా? – ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: గోధుమరంగుతో బాధ లేదు. పచ్చ చిలుము తుడిస్తే పోయి, కింద లోహం నున్నగా ఉంటే సరే. గుంటలు పడితే కాల్చొద్దు. చిలుముకు కారణం తోలులోని టానిన్ ఆమ్లం, కాబట్టి తూటాలను బెల్టులో నిల్వ ఉంచకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంట్లో రీలోడింగ్ చేసుకోవచ్చా? – ఒక షూటర్

జవాబు: కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు ఉండాలి. మీ రైఫిల్ లైసెన్సు దానికి చెల్లదు.

ప్రశ్న: టంబ్లర్‌ను వంటగదిలో పెట్టుకోవచ్చా? – అదే ఆస్టిన్ పాఠకుడు

జవాబు: వద్దు. కాల్చిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, అది దుమ్ముగా లేస్తుంది. గ్యారేజీలో మూత బిగించి తిప్పండి, పొడిని ఆరుబయట జల్లించండి. పొడిలో ఒక మూతెడు మినరల్ స్పిరిట్స్ ముందే కలిపితే దుమ్ము అణుగుతుంది. జల్లెడ, గిన్నె ఆ పనికే ఉంచేయండి, వంటకు మళ్లీ వాడొద్దు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి, పిల్లల్ని అటు రానివ్వకండి.