సంఘ చరిత్ర రాయాలంటే ముందు పెళ్లి రిజిస్టరు తెరవండి

ప్రశ్న: మాది గుంటూరు కొత్తపేట దగ్గర ఒక లూథరన్ సంఘం. నా చిన్నప్పుడు గుడి చుట్టూ మావాళ్ల ఇళ్లే ఉండేవి. ఇప్పుడు వాటి చోట ఆస్పత్రులు, స్కానింగ్ సెంటర్లు, మెడికల్ షాపులు వచ్చాయి. పాత కుటుంబాలు గోరంట్ల, విద్యానగర్, హైదరాబాద్ వెళ్లిపోయాయి. వార్షికోత్సవ సావనీర్‌కి సంఘ చరిత్ర రాయమని కమిటీవాళ్లు నాకు అప్పగించారు. పాత సావనీర్ చూస్తే అయ్యగార్ల (పాస్టర్ల) జాబితా, గుడి ఫొటోలు తప్ప ఏమీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక రిటైర్డ్ టీచర్, గుంటూరు

జవాబు: టీచర్ గారూ, అయ్యగార్ల జాబితా ఉండాల్సిందే, కానీ దాన్ని చివరి పేజీలో పెట్టండి. 1842 జులై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరడం, 1885లో ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడటం, ఇవన్నీ ఒక్క పేరాలో చెప్పేయొచ్చు. గుంటూరులో ఏ లూథరన్ సంఘం సావనీర్ తిప్పినా ఇవే ఉంటాయి. మీ గుడిలో ఎవరు కూర్చున్నారు, ఏ వీధి నుంచి నడిచొచ్చారు అన్నది మాత్రం మీరు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

దానికి మీ చేతిలో ఉన్న గొప్ప ఆధారం పెళ్లి రిజిస్టరు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం గుడిలో జరిగిన ప్రతి పెళ్లినీ అందులో నమోదు చెయ్యాలి, ఆ ఫారంలో వధూవరుల పేర్లు, వయసులతో పాటు వృత్తి, పెళ్లినాటికి ఉంటున్న చోటు, తండ్రి పేరు కూడా ఉంటాయి. అయ్యగారి అనుమతి తీసుకుని పదేళ్లకో పుస్తకం చొప్పున ముందు పెట్టుకుని, ఎవరు ఏ పేటలో ఉన్నారో, ఏం పని చేశారో ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. కూలి పని అని రాసిన ఇంట్లో తర్వాతి తరం టీచరో నర్సో రైల్వే ఉద్యోగో అయి ఉండొచ్చు, గుడి పక్క సందు పేరు ఏ దశాబ్దంలో కనబడటం మానేసిందో కూడా అక్కడే తెలుస్తుంది. పేట మారిపోయిందని అందరూ అంటాం, ఎప్పుడు మారిందో ఇలా చూపించగలం. బాప్తిస్మం రిజిస్టరు, సమాధి రిజిస్టరు తర్వాత చూడండి. పాత పేజీలు పెళుసుగా ఉంటే జిరాక్స్ మిషన్ మీద పెట్టి నొక్కకండి, పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు. బతికున్నవాళ్ల వివరాలు మాత్రం వాళ్లని అడగకుండా అచ్చు వెయ్యొద్దు.

రిజిస్టర్లలో దొరకనిది ముసలమ్మల దగ్గర దొరుకుతుంది. వండే ముందు గుప్పెడు బియ్యం పక్కన తీసిపెట్టి వారం వారం గుడికి తెచ్చిన ఆడవాళ్లు, ఇంటింటికీ తిరిగి చదువు చెప్పిన బైబిల్ స్త్రీలు, గంట కొట్టినాయన, వీళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చెయ్యండి. ఒక్కర్నే అడిగితే మొహమాటపడతారు, ఇద్దరుంటే ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటూ చాలా చెబుతారు. ఈ పని వెంటనే మొదలుపెట్టండి, రిజిస్టర్లు ఇంకో నెల ఆగినా ఫరవాలేదు.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. తొలి తరాల్లో మన సంఘాలకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. సావనీర్లలో ఈ సంగతి మింగేసి "పూర్వికులు విశ్వాసంలోకి వచ్చారు" అని ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు, అది చూస్తే నాకు చాలా బాధ. ఆ రోజుల్లో బడి మెట్టు ఎక్కడమే వాళ్లకి ఎంత పోరాటమో రాయకపోతే మీ సంఘంలో ఇంతమంది టీచర్లు ఎలా తయారయ్యారో చదివేవాళ్లకి అర్థం కాదు. కమిటీలో ఎవరైనా ఇది ఎందుకండీ అంటే, మెత్తగానే చెప్పండి, కానీ తీసెయ్యకండి.

ఆస్పత్రులు వచ్చాయని దిగులుపడుతున్నట్టున్నారు. అమెరికా లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరుకి వచ్చింది 1883లో, ఆమె ఆస్పత్రి తెరిచింది 1898లో. అంటే వైద్యం ఈ ఊరి సంఘాలకి కొత్త కాదు. ఇప్పుడు మీ వెనక బెంచీల్లో హాస్టళ్లలో ఉంటున్న నర్సింగ్ అమ్మాయిలు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆపరేషన్ టెన్షన్‌తో పల్నాడు నుంచి వచ్చి ఒక్క ఆదివారం ప్రార్థన చేయించుకుని వెళ్లే పేషెంట్ల మనుషులు ఉన్నారేమో చూడండి. వాళ్లకీ నాలుగు పేజీలు ఇవ్వండి. సభ్యత్వం లేదు కదా అని వదిలేస్తే, మీ సంఘ చరిత్ర పాత కుటుంబాలు వెళ్లిపోయిన రోజుతో ఆగిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఆగలేదు.

ప్రశ్న: మాది విజయవాడ. తాతగారి బాప్తిస్మం 1930ల్లో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) అనే ఇంగ్లండ్ ఆంగ్లికన్ మిషన్ గుడిలో జరిగిందట. ఆ మిషన్ ఇప్పుడు లేదు కదా, రికార్డు ఎవర్ని అడగాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇక్కడి ఆంగ్లికన్ సంఘాలు అందులో కలిశాయి, అంటే ఈనాటి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). కాబట్టి ముందు ఆ గుడి పాస్టరేట్‌లోనే (అయ్యగారి ఆఫీసులో) అడగండి, అక్కడ లేకపోతే విజయవాడలోని కృష్ణా–గోదావరి డయాసిస్ (బిషప్ గారి) ఆఫీసులో. సీఎంఎస్ పాత కాగితాలు ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో భద్రంగా ఉన్నాయి, అయితే అవి ఎక్కువగా మిషనరీల ఉత్తరాలు, నివేదికలు. ఒక మనిషి బాప్తిస్మం కోసం అంతదూరం రాయక్కర్లేదు. తాతగారి ఇంటిపేరుతో పాటు ఆయన తండ్రి పేరు, సొంత ఊరు కూడా రాసి తీసుకెళ్లండి. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకుని ఉంటే పాత పేరు కూడా చెప్పాలి, లేకపోతే పేజీ ఎదురుగా ఉన్నా దొరకదు.