స్క్రూ మూతలు గీస్తానంటున్న అమ్మాయిని ఆపకండి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ చివరి సంవత్సరం చదువుతోంది. ఇంటర్న్‌షిప్ కోసం హైదరాబాద్ చర్లపల్లిలో ఒక చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌కు వెళ్లింది. అక్కడ ఫర్నిచర్ స్క్రూల తలలు కనబడకుండా పెట్టే మూతలను డిజైన్ చేసిందట. ఇప్పుడు ఈ రంగంలోనే ఉంటానని, బాలానగర్ సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్)లో టూల్ డిజైన్, అంటే అచ్చుల రూపకల్పన గానీ, సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి డిజైన్‌లో పీజీ అయిన ఎం.డిజైన్ గానీ చదువుతానని పట్టుబడుతోంది. మా తోడల్లుడి కుమారుడు ఆరు నెలల యూఐ-యూఎక్స్ (యాప్‌లు, వెబ్‌సైట్ల తెరల డిజైన్) కోర్సు చేసి బెంగళూరులో మంచి జీతానికి చేరాడు. మా అమ్మాయిని కూడా అందులో చేర్చాలని మా ఆలోచన. స్క్రూ మూతలకు భవిష్యత్తు ఉంటుందా? ఈ మూడు దారులనూ పోల్చి చెప్పగలరు.
- ఒక తండ్రి, ఏలూరు

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. వాటిలో వస్తువు మారుతుంది. ఒకరి అబ్బాయి చెప్పుల డిజైన్ అంటాడు, ఇంకొకరి అమ్మాయి అట్టపెట్టెల ప్యాకేజింగ్ అంటుంది. తల్లిదండ్రుల భయం మాత్రం మారదు. పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా "మీ పిల్ల ఏం చేస్తోంది?" అని అడిగితే గట్టిగా చెప్పుకోగలిగిన మాట కావాలి. "స్క్రూలకు మూతలు చేస్తోంది" అని చెప్పడానికి మీకు నోరు రావడం లేదు. పోలిక అడిగారు కాబట్టి చేస్తాను, కానీ ముందు ఈ విషయం మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో తోడల్లుడి కుమారుడు చదివిన కోర్సు ఎన్ని నెలలో ఉంది, చేరిన ఊరు ఉంది, జీతం ప్రస్తావన ఉంది. మీ అమ్మాయి గీసిన మూత ఎలా ఉంటుందో ఒక్క మాట కూడా లేదు. ఆమె మీకు చూపించలేదా, చూపించినా మీరు చూడలేదా? చేసిన పనిని ఇంట్లో ఎవరూ చూడకపోతే ఆ వయసు పిల్లలకు ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే కాస్త కటువుగా రాస్తున్నాను, మన్నించండి.

ఈ మూతలు మీరు చూడనివేమీ కావు. అద్దం నాలుగు మూలల్లో మెరిసే గుండ్రటి టోపీలుంటాయి కదా, వాటి కింద స్క్రూలున్నాయి. టోపీ వెనుక ఉన్న సన్నని మర, స్క్రూ తలలో తొలిచిన రంధ్రంలోకి బిగుస్తుంది. మాడ్యులర్ వంటగది అరల లోపలివైపు, పలకలను కలిపే మినీఫిక్స్ అనే బిగింపుల గుంతల మీద నొక్కిన ప్లాస్టిక్ బిళ్లలు కూడా ఇవే. పాత స్విచ్చుబోర్డు మీద స్క్రూలు బయటికి కనబడేవి. ఇప్పటి మాడ్యులర్ ప్లేటు కింద కూడా స్క్రూలు ఉన్నాయి, పైన ప్లేటు కప్పి ఉంది, అంతే. చూపుకు బాగుండటం ఒక ఎత్తు, తడి చేయి లోహానికి తగలకపోవడం ఇంకొక ఎత్తు. మన పాత సింహద్వారాల మీద మేకుల తలలను కప్పుతూ ఇత్తడి గుబ్బలు కొట్టిన వడ్రంగులు చేసింది ఇదే పని. అమెరికాలో గ్రీన్ సోదరులు 1908-09లో పసడీనాలో కట్టిన గ్యాంబుల్ హౌస్‌ను వాస్తుశిల్ప విద్యార్థులు ఈనాటికీ వెళ్లి చూస్తారు. ఆ సోదరులు తమ ఫర్నిచర్‌లో స్క్రూలు దిగిన చోటల్లా నలుచదరంగా కోసిన నల్ల ఎబొనీ చెక్క బిరడాలు బిగించారు. వాటిని ఉపరితలం కంటే రవ్వంత పైకి ఉంచి, అంచులు గుండ్రంగా నునుపు చేయించారు. దాచడానికి పెట్టిన బిరడాయే వారి పనికి గుర్తుగా నిలిచింది.

ఇక మీ అమ్మాయి చేసిన పనిలోకి వద్దాం. స్క్రూ తల మీదికి నొక్కగానే టక్కున పట్టుకునే ప్లాస్టిక్ మూత ఒకటి అనుకుందాం. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు. అచ్చులోంచి బయటికి వచ్చాక ప్లాస్టిక్ చల్లబడి కుంచించుకుపోతుంది. ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ అయితే సుమారు అర శాతం, పాలీప్రొపిలీన్ అయితే రకాన్ని బట్టి ఒకటి నుంచి రెండున్నర శాతం. అంటే ఏబీఎస్ కోసం కోసిన అచ్చులో, ధర తక్కువని ఒకటిన్నర శాతం కుంచించుకుపోయే పాలీప్రొపిలీన్ పోస్తే, మూత 0.12 మిల్లీమీటర్ల మేర ఇరుకవుతుంది. ఇలాంటి బిగింపుల లెక్కలన్నీ ఆ కొలతల్లోనే ఉంటాయి కాబట్టి మూత ఎక్కకపోవచ్చు, ఎక్కినా పగలవచ్చు. ఒక్కో మూత ధర పైసల్లో ఉంటుంది. దాన్ని పోసే అచ్చు ధర లక్షల్లో ఉంటుంది. గీసిన గీతలో తేడా వస్తే యజమాని ఆ అచ్చును మళ్లీ కోయించుకోవాలి. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల పిల్లకు ఇంతటి బాధ్యత అప్పగించిన యూనిట్ ఆమెలో ఏదో చూసే ఉంటుంది.

అచ్చు నింపే రంధ్రం, అంటే గేటు, వదిలిన మచ్చ మూత పైభాగంలో కనబడకూడదు. మూత లోపలికి వంగిన అంచు స్క్రూను పట్టుకోవాలి, కానీ అదే అంచు మూతను అచ్చులోంచి ఊడిరాకుండా అడ్డుకుంటుంది. ప్లాస్టిక్ సాగుతుందిలే అని ఎంతవరకు నమ్మవచ్చో తెలిసి ఉండాలి. వాషరూ మూతా ఒకే ముక్కగా, మధ్యలో కాగితంలా పలచటి మడతతో వచ్చే రకం ఉంది. ఆ మడత పాలీప్రొపిలీన్‌లో వేలసార్లు వంగుతుంది, ఇంకో ప్లాస్టిక్‌లో త్వరగా తెగిపోతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నీటి సంగతి. విశాఖ లాంటి సముద్రతీరపు ఊళ్లో బాల్కనీ రెయిలింగ్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడారనుకోండి. ఆ ఉక్కు మీద తుప్పును ఆపే సన్నని పొరకు ఆక్సిజన్ అందుతూ ఉండాలి. సరిగ్గా మూసుకోని మూత పెడితే ఉప్పునీరు లోపలికి చేరుతుంది, బయటికి పోదు, గాలి ఆడదు. అప్పుడు మూత కిందే గుంటలు పడి తుప్పు మొదలవుతుంది. మూత ఉన్నందువల్ల దాన్ని ఎవరూ గమనించరు. అలాంటి మూత పెట్టడం కంటే అసలు పెట్టకపోవడం మేలు. పూర్తిగా బిగించాలా, లేక నీరు జారిపోవడానికి కింద సన్నని గాడి వదలాలా అన్నది డిజైన్ చేసేవారే తేల్చాలి.

పిల్లల మంచానికైతే ఇంకొక చిక్కు. మూడేళ్లలోపు పిల్లల ఆటవస్తువుల్లో చిన్న ముక్కలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టే ముక్క పిల్లల గొంతులో అడ్డుపడగలదని లెక్క. స్క్రూ మూతలు చాలావరకు అందులో పడిపోతాయి. కాబట్టి పాప గోళ్లకు ఆ మూత ఊడిరాకూడదు. మంచం విప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం కార్పెంటర్‌కు తేలికగా రావాలి. ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, డిజైన్ అంటే ఒకదానికొకటి పొసగని ఇలాంటి కోరికలను ఒకే వస్తువులో కలిపి తీర్చడం. మీ అమ్మాయి దాన్ని పుస్తకంలో చదవడానికి ముందే చేతితో పట్టుకుంది.

స్క్రూ మూతలకు భవిష్యత్తు ఉందా అని అడిగారు. జీవితాంతం స్క్రూ మూతలే గీస్తూ ఎవరూ ఉండరు. కొలత, కుంచింపు, బిగింపు, అచ్చు తెలిసిన మనిషి రేపు స్విచ్చు ప్లేటు గీయగలదు, కారు డ్యాష్‌బోర్డులో ఒక భాగం గీయగలదు, సిరంజి మూతో గ్లూకోమీటర్ పెట్టెనో గీయగలదు. అచ్చు పోసే పరిశ్రమ ఉన్నచోటల్లా ఈ మనిషి అవసరం ఉంటుంది. మొదటి ఉద్యోగంలో జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువగానే ఉంటుంది. దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పను. చేతి పని కుదిరేవరకు కొన్నేళ్లు ఓపిక పట్టాలి. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉన్నట్టే ఉంది, మీకు కూడా ఉండాలి.

యూఐ-యూఎక్స్ మీద నాకున్న అనుమానాలు కూడా చెప్పాలి. అది నిజమైన వృత్తే. మనుషులు ఎక్కడ తడబడతారో గమనించే కన్ను, మనస్తత్వశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారు అందులో గొప్పగా రాణిస్తున్నారు. కానీ కొన్ని నెలల కోర్సుల్లో చాలావరకు నేర్పేది ఆ కన్ను కాదు, ఒక సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు పేర్చడం. ఆ కోర్సుల నుంచి వచ్చిన పిల్లలు నాకు తమ పోర్ట్‌ఫోలియోలు చూపిస్తారు. ఒక ఫుడ్ డెలివరీ యాప్, ఒక ప్రయాణాల యాప్, ఒక ధ్యానం యాప్. ఎవరిది ఎవరిదో పేరు చూస్తే తప్ప తెలియదు. అలాంటి తెరలను ఇప్పుడు కృత్రిమ మేధ కూడా నిమిషాల్లో గీసి పెడుతోంది. అంటే ఆ కోర్సు నేర్పే పనే ముందుగా చవకవుతోంది. మీ తోడల్లుడి కుమారుడు బాగా స్థిరపడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, అతనికి ఆ ఆసక్తి ఉండి ఉంటుంది. మీ అమ్మాయికి లేదు. ఎదుటివారి పిల్లవాడి చొక్కా బాగుందని అదే కొలతతో మన పిల్లకు కుట్టిస్తామా? ఇంకొక విషయం గమనించండి. ఉద్యోగ ప్రకటనల్లో ‘ప్రోడక్ట్ డిజైనర్’ అని కనబడితే చాలాచోట్ల తెరలు గీసేవారినే అడుగుతున్నారు. వస్తువులు చేసే ఉద్యోగాలు టూల్ డిజైన్, మౌల్డ్ డిజైన్, ఇండస్ట్రియల్ డిజైన్ పేర్ల కింద ఉంటాయి. వెతికేటప్పుడు ఆమె ఆ పేర్లతో వెతకాలి.

ఇక మిగిలిన రెండు దారులు. బాలానగర్‌లోని సీఐటీడీ 1968లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ. టూల్, డై, మౌల్డ్ డిజైన్‌లో ఇంజనీరింగ్ పూర్తయినవారికి అక్కడ కోర్సులున్నాయి. యంత్రాల మధ్య నేర్పడం దాని బలం. మీ అమ్మాయి ప్లాస్టిక్ మీదే ఉండాలనుకుంటే అదే 1968లో మొదలైన, ప్లాస్టిక్ సాంకేతికత నేర్పే కేంద్ర సంస్థ సీపెట్ కూడా చూడవచ్చు, దానికి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్రాలున్నాయి. ఎం.డిజైన్ వేరే చదువు. అక్కడ వస్తువు ఎలా తయారవుతుందన్నదానికంటే ఎవరి కోసం, ఎందుకు, ఏ ఆకారంలో అన్న ప్రశ్నలు ముందుంటాయి. సీడ్ ద్వారా ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బొంబాయి లాంటిచోట చేరవచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)కి ప్రత్యేకంగా పరీక్ష ఉంది. పరీక్షల వివరాలు ఆమెకు నాకంటే బాగా తెలిసే ఉంటాయి.

నన్ను ఒకటి ఎంచుకోమంటే, ముందు అచ్చు నేర్చుకుని, రెండు మూడేళ్లు పనిచేసి, ఆ తర్వాత ఎం.డిజైన్‌కు వెళ్లమంటాను. ఒకవేళ ఈసారే సీడ్‌లో మంచి ర్యాంకు వస్తే వెంటనే వెళ్లినా నష్టం లేదు. రెండింటిలో ఏది ముందైనా ఆమె తప్పిపోదు. లక్షలకు లక్షలు ఫీజు తీసుకుని, యంత్రాలు లేని గదుల్లో త్రీడీ ప్రింటర్ ఒకటి చూపించే ప్రైవేటు డిజైన్ కాలేజీలకు మాత్రం దూరంగా ఉండండి. పొరలు పొరలుగా అతికి వచ్చిన ప్రింటు ముక్క ఆకారం చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ నొక్కి బిగించే అంచు పొరల మధ్య విరిగితే, తప్పు డిజైన్‌దో ప్రింటుదో విద్యార్థికి తెలియదు. ఫీజు కట్టేముందు వారి దగ్గర కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నొక్కే ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రం ఉందా, విద్యార్థులు దాన్ని నడుపుతారా అని స్వయంగా వెళ్లి అడగండి.

మీరు రాయని విషయం ఒకటి ఉంది. అమ్మాయి నూనె మరకల మధ్య, యంత్రాల హోరులో, షిఫ్టుల్లో ఎలా పనిచేస్తుందన్న దిగులు చాలామంది తండ్రులకు ఉంటుంది. అందులో న్యాయమైన భాగమూ ఉంది. యూనిట్ నుంచి హాస్టల్‌కు రాత్రిపూట ఎలా వస్తుంది, అక్కడ మరుగుదొడ్డి సదుపాయం ఉందా, పనిలో ఇంకెవరైనా ఆడవారున్నారా అని అడగడం మీ హక్కు. అడగండి. కానీ ఆ దిగులును "ఈ రంగానికి భవిష్యత్తు లేదు" అనే మాట వెనుక దాచి ఆమె ముందు పెట్టకండి. సదుపాయాల గురించి అడిగితే ఆమె మీతో కూర్చుని జవాబులు వెతుకుతుంది. భవిష్యత్తే లేదంటే మీతో మాట్లాడటం మానేస్తుంది. అలా మాటలు ఆగిపోయిన ఇళ్లను నేను చూశాను.

చివరగా, వెంటనే చేయవలసిన పని ఒకటి. ఎం.డిజైన్ ఇంటర్వ్యూల కోసం ఆమె తన మూతల బొమ్మలను పోర్ట్‌ఫోలియోలో పెట్టాలనుకుంటుంది, బహుశా ఇంటర్నెట్‌లో కూడా పెడుతుంది. అంతకుముందే యూనిట్ యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోమనండి. 2000 నాటి డిజైన్ల చట్టం కింద వస్తువు రూపాన్ని నమోదు చేసుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. దరఖాస్తు చేయకముందే ఆ రూపం బయటి ప్రపంచానికి తెలిసిపోతే ఆ అవకాశం పోతుంది. యజమాని నమోదు చేయించే ఉద్దేశంతో ఉంటే, డిజైన్ చేసిన వ్యక్తిగా తన పేరు కాగితాల్లో ఎక్కడ, ఎలా ఉంటుందో ఆమె ఇప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఆ మాట్లాడే రోజు వీలైతే మీరు కూడా ఆమెతో చర్లపల్లి వెళ్లండి. యజమానితో మాటలు అయ్యాక, మూతలు పోసే యంత్రం దగ్గరికి తీసుకెళ్లి చూపించమని మీ అమ్మాయినే అడగండి.