గజ్జెలు కట్టే ముందు ఒక రోజంతా అక్కడ తిరుగు

చిరంజీవి నా చిట్టితల్లికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రోగ్రాం కాగితం రెండుసార్లు చదివాను. ఆదివారం పూట సాలార్‌జంగ్ మ్యూజియంలో, పిల్లలతో వచ్చే కుటుంబాల కోసం నలభై ఐదు నిమిషాలు నాట్యం చేయాలన్న నీ ఆలోచన విని సంతోషంతో నిద్ర పట్టలేదు. కాగితం మాత్రం నచ్చలేదమ్మా. పుష్పాంజలి, జతిస్వరం, భామ ప్రవేశ దరువు, తరంగం, తిల్లానా. ఇది రవీంద్రభారతిలో చేసే కచేరీ. చుట్టూ ఉన్న అన్ని వస్తువుల్లో ఒక్కదానికైనా ఇందులో చోటేదీ?

ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట ఒక మ్యూజియం హాల్లో, శిల్పాల మధ్య, మైకులూ లైట్లూ పెట్టించి పూర్తి ఆహార్యంతో, అంటే వేషం, నగలు అన్నీ వేసుకుని, గంటసేపు ఆడాను. జనం బాగా వచ్చారు, చప్పట్లు కొట్టారు, నాతో ఫొటోలు దిగి టీ తాగడానికి వెళ్లిపోయారు. నా వెనకే ఉన్న రాతి నర్తకిని ఒక్కరూ చూడలేదు. చూడటానికి వీల్లేకుండా నేనే అడ్డంగా నిలబడ్డాను మరి. ఆరేడేళ్ల పాప ఒకతి మాత్రం ఆగి, "ఆంటీ, ఆమెకి కాలు నొప్పా? పక్కకి ఒరిగిపోయింది" అంది. ఆ పాపని శిల్పం ముందుకి తీసుకెళ్లి, బరువంతా ఒక్క కాలి మీదే వెయ్యమన్నాను. నడుము దానంతటదే పక్కకి జరిగింది, భుజం దిగింది, తల రెండో వైపుకి వాలింది. "నొప్పి కాదు, హాయిగా ఉంది" అంది. ఒంటిని మూడు చోట్ల వంచి నిలబడే ఆ భంగిమని త్రిభంగం అంటారన్న మాట నేను ఎత్తనే లేదు. వాళ్ల నాన్న కూడా వచ్చి పక్కన అలాగే నిలబడ్డాడు. నా గంట కచేరీ చేయలేని పని ఆ రెండు నిమిషాల్లో జరిగింది.

అప్పటి నుంచి నేను పట్టుకున్న సూత్రం ఇదే: నువ్వు ఆడటం ఆపేసరికి జనం కళ్లు ఆ వస్తువు మీద ఉండాలి. "యతో హస్తస్తతో దృష్టిః" అని నాట్యగ్రంథం అభినయదర్పణంలోని శ్లోకం నీకు ఎనిమిదో ఏటే వల్లె వేయించాను. చెయ్యి ఎటు పోతే చూపు అటు. అది మన చూపు గురించే అనుకుంటూ నేర్చుకుంటాం. ఎదురుగా నేల మీద కూర్చున్న పిల్లల చూపు కూడా మన చేతి వెంటే వస్తుంది, గమనించు. కాబట్టి చివరి ముద్ర ఎక్కడ ఆగాలో ముందే ఆలోచించుకో. నీ వేలికొసకు ఎదురుగా ఆ వస్తువు ఉండాలి. అక్కడ ఆగి నువ్వూ దానివైపే తిరిగి చూడు. కాసేపు ఏమీ మాట్లాడకు, పాట కూడా వద్దు.

ఐదు అంశాలు తీసేసి మూడు వస్తువులు పెట్టుకో. ముసుగు రెబెకాతో మొదలుపెట్టు. బెంజోని అనే ఇటలీ శిల్పి పాలరాతిలో చెక్కిన ఆ బొమ్మ దగ్గరికి అందరూ వస్తారు, "రాయిలో ముసుగు ఎలా చెక్కాడో!" అంటారు, ఫోన్ ఎత్తుతారు, కదిలిపోతారు. వాళ్లని ఆపాలంటే ఒక పల్చని చున్నీ చాలు. ఒక తల్లిని పిలిచి, తన పిల్ల ముఖం మీద చున్నీ కప్పమను. మిగతా పిల్లల్ని అడుగు: గుడ్డ ఎక్కడ అంటుకుంది? ముక్కుకొసకి, పై పెదవికి, గడ్డానికి. ఎక్కడ అంటుకోలేదు? కళ్ల దగ్గర, చెంపల పక్కన. ఊపిరి వదిలితే ఎక్కడ కదిలింది? ఇప్పుడు రాయిని చూడమను. ఒకే రాయిలో ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ వదులుగా జారిందో పిల్లలు పోటీపడి వెతుకుతారు.

ఆ తర్వాతే నీ అభినయం. బైబిల్లో రెబెకా పెళ్లి కోసం దూరదేశం నుంచి ఒంటె మీద వస్తుంది. పొలంలో ఎదురొస్తున్నది ఇస్సాకు అని తెలియగానే ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. ఆ ఒక్క క్షణం పట్టుకో, చాలు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. నీ చెయ్యి అలవాటు కొద్దీ సత్యభామ వైపు పోతుంది. భామాకలాపంలో భామ తెర వెనక నుంచి జడ విసురుతుంది, అది సవాలు. రెబెకా తెర వేరు. కొత్త ఊరు, కొత్త మనుషులు, ఇంకా చూడని మొగుడు. ఆ బెదురు, ఆ ఆశ నీ కనురెప్పల్లోనే ఉండాలి, నడుములోకి రానివ్వకు.

రెండోది చెక్కబొమ్మ. ఒకే మాను, ముందు వైపు ఛాతీ విరిచి నిలబడిన మెఫిస్టోఫిలిస్, వెనక వైపు తల దించుకున్న మార్గరెట్టా, ఆమె కనిపించడానికి వెనక అద్దం. ఫౌస్ట్ కథంతా పిల్లలకి చెప్పకు. "ఒక పక్క దయ్యం, ఒక పక్క అమ్మాయి" అంటే సరిపోతుంది. నాన్ననీ కూతుర్నీ వీపుకి వీపు ఆనించి నిలబెట్టు. ఒకే తాళానికి ఆయన ఉద్ధతంగా, అంటే విసురుగా, నాలుగడుగులు, పాప సుకుమారంగా నాలుగడుగులు. తర్వాత మార్చు. గంభీరమైన నాన్నలు సుకుమారం చేస్తుంటే పిల్లల ముఖాలు చూడాలి.

మూడోది గడియారం. పన్నెండింటికి అక్కడ జనం ఎలా కిక్కిరిసి ఉంటారో నీకు తెలుసు. ఆ సమయం గడియారానిది, దానితో పోటీ పడకు. ఎదురుచూసే పది నిమిషాలు నువ్వు తీసుకో. అందులో ఒక కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ కొడుతూ ఉంటుంది. ఆ దెబ్బకి పిల్లల చేత చప్పట్లు కొట్టించు. దెబ్బకి ఒక అడుగు, అది మొదటి కాలం, అంటే మొదటి వేగం. దెబ్బకి రెండు, రెండో కాలం. నాలుగు, మూడో కాలం. నాట్యం క్లాసులో వారాలు పట్టే పాఠం అక్కడ ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది, ఎందుకంటే తాళం వేసేది కళ్లెదుటే ఉంది. గడ్డం మనిషి బొమ్మ గడియారం తలుపు తీసుకుని గంట కొట్టడానికి వచ్చే వేళకి అందరినీ నిశ్శబ్దం చెయ్యి. పన్నెండు గంటలూ వేళ్ల మీద లెక్కపెట్టమను.

పేరిణి చేయాలని ఉందని రాశావు. ఇక్కడ వద్దు. నటరాజ రామకృష్ణగారు, కాకతీయుల కాలపు జాయపసేనాని రాసిన నృత్తరత్నావళినీ రామప్ప గుడి శిల్పాల్నీ చదివి చదివి మళ్లీ నిలబెట్టిన నాట్యం అది. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో కాకతీయుల నాటి రాళ్ల దగ్గర చేస్తే ఆ అడుగుకి అర్థం ఉంటుంది. అది ఇంకో ఆదివారం పెట్టుకుందాం.

ఇక పనుల సంగతి. పూలు, దీపం, కర్పూరం, అగరొత్తులు ఏవీ లోపలికి తీసుకెళ్లకు. పూలతో పురుగు వస్తుంది, పొగ పాత బట్టకీ బొమ్మకీ చేటు. పుష్పాంజలి చేయాలనిపిస్తే ఖాళీ దోసిలితోనే చెయ్యి. పూర్తి ఆహార్యం వద్దు, ప్రాక్టీసు చీర చాలు. జడకుచ్చులు గిర్రున తిరిగితే అద్దాల పెట్టెకి తగులుతాయి. గజ్జెలు ఒక్క వరసే కట్టు, ఆ హాళ్లలో శబ్దం మోగి మాట వినపడదు. కింద రాతి నేల, దూకుళ్లు పెట్టుకోకు, నీ మోకాళ్లు ఇంకా ముప్పై ఏళ్లు పనిచెయ్యాలి. ఎక్కడ నిలబడవచ్చో ముందు రోజే మ్యూజియం వాళ్లతో కలిసి నేల మీద గుర్తు పెట్టించుకో. కాపలా ఉండే వాళ్లని పేరు పెట్టి పలకరించు, పిల్లలు ఎక్కడ ఆగుతారో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మాట తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండనీ. పాతబస్తీ నుంచి వచ్చే కుటుంబాలకి అది సొంత ఇంటి మ్యూజియం. 1949లో మూడో సాలార్‌జంగ్ పోయాక, 1951లో ఆయన ఇల్లు దివాన్ దేవ్‌డీలోనే అది మొదట తెరుచుకుంది. ఇప్పుడున్న భవనానికి 1968లో వచ్చింది. పిల్లలకి ఈ ఏళ్లు చెప్పనక్కర్లేదు. "ఇదంతా ఒకప్పుడు ఒక ఇంట్లో సామాను. మీ ఇంట్లో మీరేం దాచుకుంటారు?" అని అడుగు. ఒకడు గోళీలంటాడు, ఒకతి స్టిక్కర్లంటుంది. ఆ జవాబులు వినకుండా మొదటి అడుగు వెయ్యకు.

శుక్రవారం మ్యూజియంకి సెలవు కాబట్టి గురువారం వస్తాను. పదకొండింటికి రెబెకా దగ్గర ఉంటాను. నోటుబుక్కూ, మీ అమ్మ పాత చున్నీ ఒకటీ తెచ్చుకో. గజ్జెలు తేవద్దు.

ఇట్లు,
మీ టీచర్