ఈకలు రాలడం సరే, పక్క వీధి చావుల సంగతి ముందు చూడండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. కొబ్బరి తోటలో ఇంటి చుట్టూ తొమ్మిది నాటు పెట్టలు, ఒక పుంజు, మూడు వారాల పిల్లలు ఎనిమిది ఉన్నాయి. దసరా ముందు నుంచి పెట్టలకు ఈకలు ఊడిపోతున్నాయి. మెడ దగ్గర మొదలై వీపు, తోక కూడా బోడి అయ్యాయి. గుడ్లు పూర్తిగా మానేశాయి. వేసవిలో పుట్టిన మూడు చిన్న పెట్టలు మాత్రం బాగానే ఉన్నాయి. ఒక పెట్ట గూట్లోంచి లేవడం లేదు, ముట్టుకుంటే పొడుస్తోంది. గుడ్డు అడ్డం పడిందేమో అనుకుంటున్నాం. మందుల షాపులో చెబితే తెగులే అని ఎన్రోఫ్లాక్ససిన్, కాల్షియం, లివర్ టానిక్ ఇచ్చారు. రెండు విడతలు వాడినా ఈకలు రాలడం ఆగలేదు. ఈమధ్య పక్క వీధిలో పదిహేను కోళ్ళ దాకా మెడలు తిరిగిపోయి, పచ్చగా పారి చచ్చిపోయాయి గానీ మా వాటికి అది రాలేదు. సంక్రాంతికని వారపు సంతలో రెండు పుంజులు కొన్నాం, అవీ వీటితోనే తిరుగుతున్నాయి. టీకాలు ఎప్పుడూ వేయించలేదు. ఏ మందు వాడాలి?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మీ పెట్టలకు తెగులు లేదు. అవి ఈకలు మార్చుకుంటున్నాయి. దానికి మందు లేదు, అక్కర్లేదు కూడా. మీరు చివర్లో చెప్పి వదిలేసిన మూడు మాటలే నాకు టెన్షన్ పెడుతున్నాయి. పక్క వీధిలో మెడలు తిరిగిన కోళ్ళు, సంత పుంజులు, టీకా లేకపోవడం. ఈకల విషయం ముందు ముగించి అక్కడికి వస్తాను.

మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలకు పైగా ఉంటుంది. కార్తీకం నాటికి పదకొండుంపావుకు దిగుతుంది. వెలుతురు తగ్గేకొద్దీ ఏడాది దాటిన పెట్ట గుడ్డు ఆపి, పాత ఈక రాల్చి కొత్తది తొడుక్కుంటుంది. మెడ, వీపు, రొమ్ము, రెక్క, తోక, ఇదీ వరస. మీరు రాసిన వరస కూడా ఇంచుమించు ఇదే. చిన్న పెట్టలకు ఏమీ కాలేదన్నది మీరే ఇచ్చిన సాక్ష్యం, ఈకలు రాల్చే తెగులైతే చిన్నవాటిని వదిలి పెద్దవాటికే రావడం అరుదు కదా. అనుమానం ఉంటే బోడి అయిన చోట వేలితో తడిమి చూడండి. సూదుల్లా గరుగ్గా కొత్త మొలకలు తగిలితే ఇక కంగారు పడే పనే లేదు. మొలకలు లేకుండా మలద్వారం చుట్టూనే బోడిగా ఉండి, ఈక మొదట్లో తెల్లటి గుడ్లు గుంపుగా అంటుకుని ఉంటే అది పేల పని. రాత్రి తొమ్మిది దాటాక టార్చితో గూటి సందులు కూడా చూడండి, ఎర్ర పురుగులు పగలు అక్కడ దాక్కుంటాయి. అవి కనిపిస్తే డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు లీటరు నీటికి 2 మి.లీ. కలిపి, కోళ్ళను బయటికి తోలి, సందుల్లో పిచికారీ చేసి పూర్తిగా ఆరాకే లోపలికి రానివ్వండి. కోళ్ళ ఒంటి మీద చల్లొద్దు. వాటికి పొయ్యి బూడిద, ఇసుక కలిపిన గుంట ఒకటి చాలు, పొర్లాడి అవే దులుపుకుంటాయి.

ఈక దాదాపు అంతా మాంసకృత్తే. కాబట్టి ఇప్పుడు పెట్టకు కావలసింది తిండిలో మాంసకృత్తులు. గుడ్డే పెట్టని పెట్టకు కాల్షియం సీసా ఎందుకు అమ్మారో ఆ షాపాయననే అడగండి. తోటలో ఏరుకున్నది పోను సాయంత్రం మీ మందకు అరకిలో మిశ్రమం చాలు. నూకలు గానీ చోళ్ళు గానీ 250 గ్రాములు, తవుడు 125, వేరుశనగ చెక్క లేదా నువ్వుల చెక్క 75, ఎండుచేపల తలల పొడి 50. సముద్రం పక్కనే ఉన్నారు, చేప తలలకు కొదవ ఉండదు. కానీ ఉప్పు చేపైతే రెండుసార్లు కడిగి ఎండబెట్టాలి, ఉప్పు ఎక్కువైతే కోడికి విషమే. వానల్లో చెక్కకు బూజు పడితే పారేయండి, ఉడకబెట్టినా ఆ విషం పోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఈక నిండుతుంది, ఆ తర్వాత గుడ్లూ మొదలవుతాయి. కొన్ని పెట్టలు పన్నెండు వారాలు తీసుకుంటాయి, తొందరపెట్టొద్దు.

ఇక అసలు సంగతి. మెడ తిరగడం, పచ్చటి పారుడు, వరసగా చావులు. చూడకుండా నూటికి నూరుపాళ్ళు చెప్పలేను గానీ కొక్కెర తెగులు లక్షణాలు ఇవే. అది వైరస్. వచ్చాక మందు లేదు, టీకా లేని మందలో దూరితే నాలుగైదు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. మీరు వాడిన ఎన్రోఫ్లాక్ససిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. ఈకలు రాలడానికి బ్యాక్టీరియా కారణం కాదు, కొక్కెర తెగులుకూ కాదు. అంటే లేని జబ్బుకూ పనికిరాలేదు, రాబోయే జబ్బుకూ పనికిరాదు. షాపులో కోడిని చూశారా? ఈక కిందైనా చూశారా? చూడకుండా యాంటీబయాటిక్ అమ్మడం ఈ ఊళ్ళలో మామూలైపోయింది, రేపు నిజంగా అవసరమైన రోజున అదే మందు పనిచేయదు. ఇంకోటి, షాపుల్లో ఇచ్చే పొడి ప్యాకెట్ల మీద పేర్లు చదివించుకోండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్ళకు వాడకూడదని 2019లోనే నిషేధించారు. మీరు మందు వేసిన కోళ్ళను చివరి మోతాదు తర్వాత రెండు వారాలైనా దాటనిదే కోయొద్దు. కార్తీకం కాబట్టి ఎలాగూ కోయరనుకోండి.

ఇప్పుడు చేయాల్సింది తేదీలతో రాసుకోండి.

ఈరోజే సంత పుంజులను వేరు చేయండి. గంప కింద మూయడం వేరు చేయడం కాదు, తోటకు అవతలి చివర కట్టండి, మేతా నీళ్ళ గిన్నెలూ వేరుగా. ముందు మీ మందకు మేత వేసి, ఆఖర్న వాటి దగ్గరకు వెళ్ళండి. మూడు వారాలు ఇలాగే. ఇన్నాళ్ళూ కలిసి తిరిగాయి కాబట్టి ఆలస్యమైందనే చెప్పాలి, అయినా చేయండి. పక్క వీధి కోళ్ళ ఈకలు, రెట్టలు, చెత్త మీ తోటలోకి రాకుండా చూసుకోండి. కోళ్ళు చచ్చిన ఇంటికి వెళ్ళొస్తే కాళ్ళూ చెప్పులూ కడుక్కునే గూటి దగ్గరకు వెళ్ళాలి.

రెండు మూడు రోజుల్లో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని కలిసి, పిల్లలతో సహా అన్నింటికీ కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా కంట్లో ఒక్కో చుక్క వేయించండి. సంత పుంజులకు కూడా, కాకపోతే వాటికి ఆఖర్న. అప్పటికే తూగుతూ, తిండి మానేసిన కోడి ఉంటే దాన్ని పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి, టీకా వద్దు.

రెండు వారాలయ్యాక పెద్ద కోళ్ళకు ఏలిక పాముల మందు. ఈక మొలిచే వేళ ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటివి నేను రాయను, కొత్త ఈక వంకరగా వస్తుంది. పైపరజీన్ చాలు, ఆరు వారాలు దాటిన కోడికి 100 మి.గ్రా. చొప్పున. సీసాను బట్టి గాఢత మారుతుంది కాబట్టి ఎన్ని మి.లీ. అన్నది సహాయకుడి చేత లెక్క కట్టించుకోండి. రాత్రి నీళ్ళు తీసేసి, పొద్దున్నే రెండు మూడు గంటల్లో తాగేసే కొద్దిపాటి నీళ్ళలో కలిపి పెట్టాలి.

ఆ తర్వాత వారం, అంటే లసోటా వేసిన మూడు వారాలకు, పెద్ద కోళ్ళకు అదే తెగులుకు వేసే ఆర్2బి టీకా అర మి.లీ. రెక్క కింద చర్మంలోకి. ఇది గుడ్లు పెట్టే పెట్టకు వేస్తే కొన్నాళ్ళు గుడ్లు తగ్గుతాయి, అందుకే చాలామంది వాయిదా వేస్తారు. మీ పెట్టలు ఎలాగూ గుడ్లు మానేశాయి, ఇంతకంటే మంచి సమయం దొరకదు. ఎనిమిది వారాలు నిండని పిల్లలకు మాత్రం ఆర్2బి వేయనివ్వొద్దు, కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. మీ పిల్లలకు తొమ్మిదో వారంలో వేయించండి. పెద్దవాటికి మళ్ళీ ఆరు నెలలకు.

టీకా పాడవడం ఎక్కువగా మన చేతుల్లోనే జరుగుతుంది. సీసా ఐసు పెట్టెలోంచి ఎండలోకి వస్తే అది ఉట్టి నీళ్ళతో సమానం. కలిపాక గంటలో అయిపోవాలి. ఒక సీసా 100 కోళ్ళకు వస్తుంది. మీ ఇంటి కోళ్ళ కోసం సీసా విప్పమంటే ఎవరికైనా ఇబ్బందే. వీధిలో పది ఇళ్ళవాళ్ళు ముందే మాట్లాడుకుని ఒకే రోజు పెట్టుకోండి. పక్కింటి కోళ్ళకు టీకా లేకపోతే మీ కోళ్ళకు వేసినా సగం పనే. ఇంకో మాట, ఈకలు మొలిచే కోడిని తరిమి పట్టుకోకండి. ఆ మొలకల్లో నెత్తురు ఉంటుంది, విరిగితే నొప్పి. తెల్లవారక ముందే గూట్లోనే పట్టుకుంటే మీకూ దానికీ సుఖం.

పిల్లల గూడు తడవకుండా చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ ఉద్దానంలో కొబ్బరి చెట్లే నిలవలేదు. ఈ నెలల్లో వాయుగుండం ఎప్పుడొస్తుందో చెప్పలేం. గూడు నేల మీద ఉంటే ఇటుకలు పేర్చి రెండడుగులు లేపండి. అడుగున పొడి కొబ్బరి పొట్టు పరిచి, తడి తగిలినప్పుడల్లా మార్చండి. తడిలో పిల్లలకు రక్త పారుడు వస్తుంది. వస్తే ఆంప్రోలియం 20 శాతం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, అయిదు రోజులు, ఆ రోజుల్లో వేరే నీళ్ళు పెట్టొద్దు.

ఒకేసారి రెండు మూడు కోళ్ళు చచ్చిపోతే మిగిలినవాటిని అమ్మేయాలని చూడకండి, సంతకు జబ్బును పంపినట్టే. చచ్చినవాటిని కాలవలో వేయకుండా మూడడుగుల గుంటలో సున్నం చల్లి పూడ్చి, పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చేయండి.

గూట్లోంచి లేవని పెట్ట సంగతి మరిచాను. అది పొదుగుకు కూర్చుంది, గుడ్డు అడ్డం పడలేదు. గుడ్డు అడ్డం పడిన పెట్ట తోక కిందికి వేసి ముక్కుతుంది గానీ మిమ్మల్ని పొడిచే ఓపిక దానికి ఉండదు. ఇప్పుడు పక్కన జబ్బు తిరుగుతోంది, వానలూ ఉన్నాయి, పిల్లలు తీయించొద్దు. గాలి ఆడే తట్ట కింద, గడ్డి వేయకుండా, మేత నీళ్ళు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే పొదుగు మానేస్తుంది.