ల్యాప్‌టాప్ సంగతి తర్వాత, ముందు మీ క్లిప్పు సంగతి చూడు

ప్రశ్న: అన్నా నమస్తే, మాది ప్రొద్దుటూరు. నేనూ మా మామ కొడుకూ కలిసి పెళ్లిళ్లు, ఓణీ ఫంక్షన్లు, గండికోటలో ప్రీవెడ్డింగులు తీస్తాంటాం. ఇన్నాళ్లూ ఎడిటింగ్ బయటికి ఇస్తాంటిమి, సీజన్లో వాళ్లు ఫోన్ కూడా ఎత్తరు, పార్టీ వచ్చి మా మీద అరుస్తాది, అందుకే ఇంక సొంతంగా చేసుకుందామని. కడపలో తెలిసినాయన దగ్గర 2018 నాటి గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది, ఐ7 8750హెచ్, జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్, 38 వేలంటాడు. షాపులో ఏమో 46 వేలకి కొత్తది చూపిస్తాండారు, ఐ5 1235యూ, 8 జీబీ ర్యామ్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, పల్చగా చూసేకి బాగుంది, వారంటీ ఉంది. మా కెమెరా సోనీ ఏ7 3, పెద్ద పెళ్లిళ్లకి ఏ7 4 బాడుగకి తెస్తాం. ప్రీమియర్ ప్రోలో చేద్దామనుకుంటాండాం. మా నాయన కొత్తదే తీసుకోమంటాండాడు. ఏది తీసుకోమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, ఈ రెండిట్లో ఒకటే అంటే పాతది తీసుకో, కానీ నేను కింద చెప్పినవి చూసుకున్నాకే డబ్బులు చేతికియ్యి.

పాతదా కొత్తదా అని అందరూ సంవత్సరం చూస్తారు గానీ ఎడిటింగ్‌కి సంవత్సరం కాదు చూడాల్సింది, మీ కెమెరా కార్డులోకి రాసే ఫైలు ఏ రకం, ఆ రకాన్ని ల్యాప్‌టాప్‌లోని చిప్పు విప్పగలుగుతుందా లేదా అనేదే అసలు లెక్క. హెచ్.264, హెచ్.265 అని వీడియోని కుదించి రాసే పద్ధతులుంటాయి, ఆ ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. అంగడి అప్పు పుస్తకంలో బాకీ ఎంతో తెలియాలంటే పైనుంచి కూడుకుంటూ రావాల కదా, అట్లనే ఒక పూర్తి ఫ్రేము, దాని తర్వాత మారిన ముక్కలు మాత్రమే రాసుంటాది, నువ్వు టైమ్‌లైన్లో మధ్యలో యాడన్నా నొక్కితే అది వెనక్కి పోయి అన్నీ లెక్కేసుకొని రావాల. ఈ పని కోసం ఇంటెల్, ఎన్విడియా చిప్పుల్లో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటాది. మీ ఫైలు దానికి అర్థమైతే వెన్నలా నడుస్తాది, అర్థం కాకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడి స్టక్ అయిపోతాది, అది ఐ7 అయినా సరే.

ఇప్పుడు మీ ఏ7 3 తీసుకో. అది 4కేలో రాసేది 8 బిట్, 4:2:0, హెచ్.264, ఎక్కువలో ఎక్కువ 100 ఎంబీపీఎస్ (బిట్ అంటే రంగుల్లో ఎన్ని మెట్లు రాస్తాదో, 4:2:0 అంటే రంగు వివరం కొంత వదిలేసేది, 4:2:2లో అది ఎక్కువ ఉంటాది, ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగాబిట్లు). ఇది రెండు ల్యాప్‌టాప్‌లూ విప్పుతాయి, తేడా లేదు. తేడా వచ్చేది ఆ తర్వాత, కలర్, స్లో మోషన్, టైటిళ్లు, ట్రాన్సిషన్లు, అక్కడ 6 జీబీ కార్డు ఉన్న పాతదే గెలుస్తాది. కొత్తదాంట్లో సొంత కార్డు లేదు కాబట్టి గ్రాఫిక్స్ కూడా ఆ 8 జీబీ ర్యామ్‌లోనే వాటా తింటాది, విండోస్ కొంత తింటాది, ప్రీమియర్‌కి మిగిలేది ఏముంది చెప్పు? ప్రీమియర్ తయారుచేసే అడోబీ వాళ్లే హెచ్‌డీకి 16 జీబీ, 4కేకి 32 జీబీ ఉంటే మంచిదంటారు. ఇంకోటి, ఆ ఐ5లో ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉందని షాపులో గొప్పగా చెప్తారు, ర్యామ్ డ్యూయల్ చానల్లో (రెండు దారుల్లో) ఉంటేనే అది ఐరిస్, ఒక్క 8 జీబీ ముక్క సింగిల్ చానల్లో ఉంటే మామూలు యూహెచ్‌డీగా నడుస్తాది. పైగా పల్చటి మోడళ్లు చానా వాటిల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటాది, తర్వాత పెంచుకుందాంలే అంటే కుదరదు. "ఖాళీ స్లాట్ ఉందా" అని అడుగు, సేల్స్ అబ్బాయి "సరిపోతాదిలే అన్నా" అంటే స్లాట్ లేనట్టే లెక్కేసుకో.

అసలు చిక్కంతా బాడుగకి తెచ్చే ఏ7 4 దగ్గర. అది 10 బిట్ 4:2:2 రాస్తాది. సోనీ మెనూలో ఉండే ఎక్స్‌ఏవీసీ ఎస్ అనే ఫైలు రకంలో అట్లా రాస్తే అది హెచ్.264, మీ రెండు ల్యాప్‌టాప్‌లలో ఏదీ చిప్పు మీద విప్పలేదు. ఎక్స్‌ఏవీసీ హెచ్ఎస్ లో అయితే అది హెచ్.265, దాంట్లో 4:2:2ని కొత్త ఐ5 విప్పుతాది, పాత ఐ7కి గానీ ఆ 1060కి గానీ చేత కాదు. ఇక్కడొక్కచోట మాత్రం కొత్తదే మేలు, నిజం ఒప్పుకోవాల. కానీ దీనికి ల్యాప్‌టాప్ మార్చాల్సిన పని లేదు, కెమెరా మెనూలోనే మందుంది. హెచ్ఎస్ లోనే 4:2:0 10 బిట్ అనే సెట్టింగ్ ఉంటాది, అది పెట్టుకొని తీయండి, పాత ల్యాప్‌టాప్ కూడా హాయిగా విప్పుతాది. 10 బిట్ అట్లనే ఉంటాది కాబట్టి కలర్ లాగినా ఆకాశంలో చారలు రావు. 4:2:2 పోతే ఏం పోతాది అంటే గ్రీన్ మ్యాట్ వేసి కట్ చేసేటోళ్లకి అంచుల్లో తెలుస్తాది, తలంబ్రాల వీడియోలో ఏ పెళ్లికూతురి మేనమామ కూడా కనిపెట్టలేడు.

మరీ బరువు ఫైళ్లు తప్పనిసరైతే ప్రాక్సీలు, అంటే అవే క్లిప్పులకి తేలికపాటి కాపీలు, చేసుకోండి, రాత్రి భోంచేసేముందు పెట్టేసి పడుకుంటే పొద్దున్నకి చిన్న ఫైళ్లు రెడీగా ఉంటాయి, వాటితో కట్ చేసి ఎక్స్‌పోర్ట్ మాత్రం ఒరిజినల్ నుంచి పోతాది. ఇది తెలియక లక్షలు పోసేటోళ్లు ఉన్నారు మన జిల్లాలో.

ఇంక కడపకి పోయినప్పుడు ఏం చూడాలంటే, ఊరికే విండోస్ ఓపెన్ చేసి బాగుందే అనొద్దు. మీ రెండు కెమెరాల క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకొని పో. ప్రీమియర్ ఎక్కించి, క్లిప్పు టైమ్‌లైన్లో వేసి, దాని మీద రంగులు దిద్దే లుమెట్రీ కలర్ పెట్టి ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్ తెరువు. పర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) నొక్కితే వీడియో డీకోడ్ అని ఒక చిన్న గ్రాఫ్ ఉంటాది (ల్యాప్‌టాప్‌లో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండుంటాయి, రెండూ చూడు). ప్లే అయ్యేటప్పుడు అది పైకి లేస్తే చిప్పు పని చేస్తాందన్నమాట. అది సున్నాలో పడుకొని సీపీయూ (ప్రాసెసర్) మాత్రం 100 శాతం దగ్గర కొట్టుకుంటాంటే ఆ క్లిప్పు దీనికి పడదని అర్థం.

తర్వాత గదిలో ఏసీ వేయకుండా ఒక 20 నిమిషాలు ఎక్స్‌పోర్ట్ పెట్టు. ఆయన మొహమాటపెట్టినా వినొద్దు. 8750హెచ్ బేస్ స్పీడు 2.2 గిగాహెర్ట్జ్, ఎక్స్‌పోర్ట్ నడుస్తాంటే దానికన్నా కిందికి పడిపోతాంటే వేడికి తట్టుకోలేక తగ్గిపోతాందని, మన ఎండాకాలం 43, 44 డిగ్రీల్లో దాని గతి నువ్వే ఊహించుకో. అప్పుడు ఫ్యాన్ దుమ్ము దులిపించి థర్మల్ పేస్ట్ మార్పించి ఇమ్మను, లేదా ఆ ఖర్చు రేట్లో తగ్గించమను, నన్నడిగితే 38 కూడా ఎక్కువే, బేరం ఆడు. బ్యాటరీ రిపోర్ట్ తీయించి డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ చార్జ్ ఎంత అని చూడు, సగానికి వచ్చుంటే కరెంట్ పోయినప్పుడు సేవ్ చేసుకునేంత టైమే దొరుకుతాది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద ఎట్లాగూ పూర్తి స్పీడు ఇయ్యవు, ఒరిజినల్ అడాప్టర్ ఉందో లేదో అదే ముఖ్యం. బయోస్‌కి (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచేది) పాస్‌వర్డ్ లేకుండా చూసుకో, పాత బిల్లు అడిగి తీసుకో.

స్క్రీన్ సంగతి ఎవరూ అడగరు. తక్కువ రేటు ల్యాప్‌టాప్‌లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగులు ఎంత చూపిస్తాదో చెప్పే కొలత) ప్యానెల్ వస్తాది, ఎస్‌ఆర్‌జీబీ, అంటే మామూలుగా స్క్రీన్లకి వాడే ప్రమాణం రంగుల్లో మూడింట రెండొంతులు కూడా సరిగ్గా చూపించదు. గండికోట ఎర్రరాళ్లు, పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర చప్పగా కనపడి నువ్వు శాచురేషన్ పెంచుతావు, అదే వీడియో పార్టీ ఫోన్లో చూస్తే చీర మండిపోతాంటాది, మొహం టమాటా రంగులో ఉంటాది. ఏది కొన్నా సరే, తర్వాత డబ్బులు కుదిరినప్పుడు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ ఒకటి హెచ్‌డీఎంఐకి తగిలించు. అందాకా ప్రతి పాటా ఒకసారి ఫోన్లో వేసి చూశాకే పంపు.

స్టోరేజీ లెక్క కూడా వేసుకో, 100 ఎంబీపీఎస్ అంటే గంటకి 45 జీబీ, ఒక కెమెరా నాలుగు గంటలు తిరిగితే 180 జీబీ. ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీ మీద, అయిపోయినవి హార్డ్ డిస్క్‌లోకి.

మీ నాయన మాటలో న్యాయం లేకపోలేదు. పాతదానికి ఆయుష్షు తక్కువే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, మీది 8వ జనరేషన్ కాబట్టి విండోస్ 11 పడతాది, 7వ జనరేషన్ అయ్యుంటే నేనే వద్దందును. 1060 కార్డుకి మామూలు డ్రైవర్ అప్‌డేట్లు కూడా 2025 అక్టోబర్‌తో అయిపోయినాయి, 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీవి మాత్రమే వస్తాయి. కాబట్టి ప్రీమియర్ ఏ వెర్షన్లో పని బాగా నడుస్తాందో అక్కడే ఆపుకో, అప్‌డేట్ కనపడగానే నొక్కొద్దు. రెండు మూడు సీజన్లు దీంతో సంపాదించుకొని తర్వాత కొత్తది. ఒకవేళ ఈ సీజన్ బయట ఎడిటింగ్‌తోనే నెట్టుకురాగలిగితే, ఇంకొంత కూడబెట్టి హెచ్ సిరీస్ (పేరు చివర హెచ్ ఉండే) ప్రాసెసరు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉండి ఇంకో స్లాట్ ఖాళీ ఉన్నది కొత్తదే కొను, అప్పుడు మీ నాయన మాటా నిలబడతాది.

ప్రశ్న: మా ఇంట్లో 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది సార్, ఐ5 4వ జనరేషన్. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే యూట్యూబ్ వీడియోలు ఎడిట్ చేసుకోవచ్చని మా ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? (ఆదోని నుంచి)

జవాబు: సగం నిజం అమ్మా. పాత హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ అటూఇటూ చదివితే సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా చదువుతాది, కాబట్టి ఆన్ అవడం, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం చకచకా అవుతాయి. కానీ ఫైలు విప్పే పని ఎస్‌ఎస్‌డీది కాదు, ఆ ప్రాసెసర్‌ది, అది మారదు కదా. ఫోన్లో 4కే వద్దు, 1080పీలో హెచ్.264 పెట్టి తీస్తే మాట్లాడే వీడియోలు, వంటల వీడియోలు మామూలుగా కట్ చేసుకోవచ్చు. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేటు ఒక తీరుగా ఉండదు, టైమ్‌లైన్లో పోనుపోను మాటకీ పెదాలకీ పొంతన తప్పుతాది, అందుకే ముందు హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ అని పెట్టి మార్చుకో, ఉచితమే. ఎస్‌ఎస్‌డీ ఖర్చు వేస్ట్ కాదు, రేపు ఈ ల్యాప్‌టాప్ పోయినా దాన్ని తీసి కేసులో పెట్టుకొని ఎక్స్‌టర్నల్‌గా వాడుకోవచ్చు. కొత్త బ్యాటరీ మాత్రం దీనికి కొనొద్దు.